రెండు గీతలు, ఒక చుక్క

నేను ఎవరినీ ఏ దేశానికీ పంపను. నా దుకాణం మెట్లెక్కి వచ్చినవాళ్ళకు ఈ మాట మొదటే చెబుతాను, ఎవరూ నమ్మరు. మార్కాపురం బస్టాండు ఎదురు సందులో, జిరాక్స్ షాపు మీద ‘శ్రీ చెన్నకేశవ ఓవర్సీస్ సర్వీసెస్’ అని బోర్డు పెట్టుకున్నాక నమ్మమనడం కూడా న్యాయం కాదు. కానీ నిజం అదే. నేను పంపేది కాగితాలను. పాస్‌పోర్టు దరఖాస్తు, పోలీసు క్లియరెన్సు, అనుభవ పత్రం, వీసా ఫారం. వీటికి ఫీజు తీసుకుంటాను. కాగితాలు సరిగ్గా ఉంటే మనిషి వాటి వెనకే విమానం ఎక్కుతాడు, లేకపోతే కిందికి దిగి బస్సెక్కుతాడు.

దీనికి ముందు పద్దెనిమిదేళ్ళు రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజులు రాశాను. ఆ బుద్ధి ఇంకా పోలేదు. మనిషి ఏం చేశాడో నాకు అనవసరం, చేసినట్టు రుజువేముందో చూపించమంటాను. నా పేరు వెంకటకృష్ణ అయినా ఊళ్ళో ‘కాగితాల కిష్టయ్య’ అంటారు. వెక్కిరింపుగానే అంటారని నాకు తెలుసు. పనిబడినప్పుడు మాత్రం అందరికీ అన్ననే.

రెండేళ్ళ కిందట పోర్చుగల్ కంపెనీ ఒకటి తర్లుపాడు వైపు రెండు పలకరాయి గనులతో ఒప్పందం రాసుకుంది. తీసిన రాయి తీసినట్టు వాళ్ళకే ఇవ్వాలి. అంతకుముందు కూడా వాళ్ళు మన దగ్గర కొనేవాళ్ళే, కాకపోతే ఇక్కడి షెడ్లలో చీల్చి, అంచులు కోసి, కట్టలు కట్టిన పలకలు కొనేవాళ్ళు. అక్కడ ఇళ్ళ పైకప్పులకు వేసుకుంటారట. ఇప్పుడు దిమ్మలకు దిమ్మలే లారీలెక్కి ఓడరేవుకు పోతున్నాయి, చీల్చే పని అక్కడే చేసుకుంటున్నారు. ఇక్కడి షెడ్లలో వారానికి మూడు రోజులు ఉలి మోగితే గొప్ప.

షెడ్ల ఓనర్ల సంఘం దీని మీద గట్టిగానే మండిపడింది. సంఘానికి అధ్యక్షుడు పుల్లారావు. అరవై దాటిన మనిషి, కంభం రోడ్డులో అందరికంటే పెద్ద షెడ్డు ఆయనదే. ‘మన రాయి మనకే’ అని ఊరంతా ఫ్లెక్సీలు కట్టించాడు. పరాయి కంపెనీ ఈరోజు రాయి కొంటుంది, రేపు గని కొంటుంది, ఎల్లుండి ఊరే కొంటుంది అని సభలో అన్నాడు. ఆ భయంలో తప్పు లేదు, నాకూ ఉంది. ఆ రెండు గనుల్లో ఒకటి ఆయన సొంత బావమరిదిదేనన్న సంగతి మాత్రం సభలో ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. టీ బాగుంది, తాగి వచ్చేశాను.

ఫిబ్రవరిలో ఆ కంపెనీ తరఫున రాయి ఎంచే అనిల్ కుమార్ నా దుకాణానికి వచ్చాడు. ఒంగోలు మనిషి, మర్యాదస్తుడు, కుర్చీ చూపించేదాకా కూర్చోడు. ఫోన్లో ఒక ఫొటో తీసి చూపించాడు. పలక వెనకవైపు ఉలిమొనతో గీసిన గుర్తు. రెండు నిలువు గీతలు, మధ్యలో ఒక చుక్క.

“ఈ గుర్తు ఎవరిదో కనుక్కోవాలండీ. మా వాళ్ళ గోడౌన్లో పదేళ్ళ నాటి పాత సరుకు ఇంకా కొంత ఉంది. ఈ గుర్తున్న కట్టలు విప్పితే పలకలన్నీ ఒకే మందం. ఆరు మిల్లీమీటర్లంటే ఆరే. అక్కడ చీల్చేవాళ్ళకు అంత సమంగా రావట్లేదు, సగం రాయి ముక్కలవుతోంది. ఈ చెయ్యి కావాలంటున్నారు. రెండేళ్ళ కాంట్రాక్టు, వీసా ఖర్చులు కంపెనీవి, మీ ఫీజు కూడా.”

ఈ గుర్తుల సంగతి చెప్పాలి. మా షెడ్లలో కూలి రోజు లెక్కన ఉండదు, కట్ట లెక్కన. ఎవరి కట్ట ఎవరిదో తేలడానికి అడుగు పలక వెనక గుర్తు గీస్తారు. ఒకరిది త్రిశూలం, ఒకరిది శిలువ, ఒకరిది గొడుగు. సాయంత్రం మేస్త్రీ గుర్తులు చూసి పుస్తకంలో ఎక్కించుకుంటాడు. ఇంటికి ఒకటే గుర్తు, తండ్రిది కొడుక్కు వస్తుంది. అది సముద్రం దాటి పోతుందనీ, అక్కడెవరో పలక తిరగేసి చూస్తారనీ ఇక్కడ ఎవరికీ తోచలేదు.

కనుక్కోవడానికి నాకు ఒక పూట చాలింది. పుల్లారావు షెడ్డు మేస్త్రీ మస్తానయ్య ఫొటో చూస్తూనే “ఇది కొండలరావుది గదా” అన్నాడు.

కొండలరావును నేనెరుగుదును. నాలుగేళ్ళ కిందట కువైట్ పోతామంటే మొగుడికీ పెళ్ళానికీ పాస్‌పోర్టులు నేనే తీయించాను. అక్కడి పని కుదరక ఆగిపోయారు. నలభై ఆరేళ్ళవాడు, ఎముక గట్టి, మాట తక్కువ. కబురు పెడితే భార్య శ్రీశైలమ్మతో కలిసి వచ్చాడు. ఆమె మాట్లాడుతుంది కానీ ముందు ఎదుటి మనిషిని పూర్తిగా విని మాట్లాడుతుంది. నా దుకాణానికి వచ్చేవాళ్ళలో అది అరుదు.

“నా గుర్తు చూసి పిలిపించినారా?” అని కొండలరావు మూడుసార్లు అడిగాడు. ఫొటోను వేళ్ళతో పెద్దది చేసుకుని చూశాడు. “ఇరవై రెండేండ్లు చేసినానన్నా పుల్లారావన్న షెడ్డులో. బాగుందన్న మాట ఒక్కనాడు వినలేదు. యాడనో ఉన్నోళ్ళు చూసినారే!”

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మగవాడు నా టేబులు ముందు ఏడిస్తే నాకేం చెయ్యాలో తోచదు. ఫారాలు బయటికి తీశాను.

“ఇది అయితాదా అన్నా?” అంది శ్రీశైలమ్మ. “కాకపోతే మాకు హైదరాబాదే గతి. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ పని, మెట్ల కింద గది ఇస్తారంట. పోయిన నెల చూసొచ్చినాం. దానికి కిటికీ గూడా లేదు. ఒంగోలులో మా బిడ్డ అమూల్య నర్సింగు ఇంకా రెండేండ్లుంది. నాకైతే ఆ గది తలుచుకుంటేనే ఊపిరాడదు.”

అవుతుందని నేను చెప్పలేదు. నేను ఎవరికీ అలా చెప్పను. పని పరీక్ష వీడియో తీయాలి, అది బాగా వస్తే మిగతాది నా పని అన్నాను.

పరీక్ష తర్లుపాడు రోడ్డులో కంపెనీ యార్డులో పెట్టారు. తడి గోనెపట్టాలు కప్పి ఉంచిన దిమ్మలు ఆరు తెప్పించాడు అనిల్ కుమార్. పలకరాయి ఆరితే మొండికేస్తుంది, తడి ఉన్నంతసేపే పొర విడుస్తుంది. అది అతనికీ తెలుసు. ఫోను ఒక స్టాండు మీద పెట్టి, కొలిచే పరికరం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

కొండలరావు కూర్చుని దిమ్మను కాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు. ఉలి పెట్టి కొట్టాడు. మొదటి పలక ఒక అంచున ఎనిమిది, ఇంకో అంచున నాలుగు. రెండోది సగంలో విరిగింది. మూడోది కొంచెం నయం.

“రాయి ఆరినట్టుంది సార్,” అన్నాడు.

అనిల్ కుమార్ ఇంకో దిమ్మ మీది పట్టా తీయించాడు. దాని మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఈసారీ అంతే. కొండలరావు చెవుల దాకా ఎర్రబడ్డాడు. నాలుగో దిమ్మ ముక్కలైనప్పుడు, అప్పటిదాకా గోడ నీడన నిలబడి ఉన్న శ్రీశైలమ్మ కొంగు నడుముకు దోపుకుని వచ్చింది.

“మంచి రాయి అన్నేయంగా పోతాంది. ఇట్లియ్యి,” అని ఉలి అందుకుంది.

ఆమె వెంటనే కొట్టలేదు. అయిదో దిమ్మను ఉలి పిడితో మెల్లగా తట్టి, చెవి ఆనించి విని, తిప్పి మళ్ళీ తట్టింది. అప్పుడు ఉలిని అంచున ఆనించి, చెంబు మూత తీసినంత నెమ్మదిగా రెండు దెబ్బలు వేసింది. పలక విడిపోయి ఆమె అరచేతిలో పడుకుంది. అనిల్ కుమార్ కొలిచాడు. ఆరు. తర్వాతది ఆరు. ఆ తర్వాతదీ ఆరే. ఆ దిమ్మ అయిపోయేదాకా అతను ఒక్కొక్క పలకా కొలుస్తూనే ఉన్నాడు. చివరి పలక వెనక ఆమె అలవాటుగా రెండు గీతలు, చుక్క గీసి పక్కన పెట్టింది.

“ఎన్నేళ్ళుగా చేస్తున్నారమ్మా ఈ పని?” అన్నాడు అనిల్ కుమార్.

“పెండ్లయిన కాణ్ణుంచి సార్. ఆయన దిమ్మ చదరం చేసిస్తాడు, నేను చీలుస్తా.”

“మరి ఈ గుర్తు?”

“గుర్తు ఇంటిది సార్,” అందామె, ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు.

కొండలరావు అబద్ధం చెప్పాడని నేననుకోను. మేస్త్రీ పుస్తకంలో గుర్తు ఎదురుగా అతని పేరే ఉంది, కూలి అతని చేతికే వస్తుంది, అతని తండ్రి కూడా ఆ గుర్తే గీశాడు. గుర్తు కావాలని ఎవరో అడిగితే తనను అడిగినట్టే అనుకున్నాడు. మస్తానయ్యా అలాగే అనుకున్నాడు, నేనూ అలాగే అనుకున్నాను. ఉలి ఎవరి చేతిలో ఉందో ఆ షెడ్డులో అందరూ రోజూ చూస్తూనే ఉన్నారు. చూసినదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

వీడియో వెళ్ళిన మూడో రోజుకు జవాబు వచ్చింది. ఆ చెయ్యి ఎవరిదైనా వాళ్ళకు అభ్యంతరం లేదు, కానీ ఉద్యోగం ఒక్కటే, ఆమెకే. నెలాఖరులోగా కాగితాలన్నీ చేరాలి. నేను వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి కాంట్రాక్టు చదివి తెలుగులో చెప్పాను. మూడో పేజీలో, అక్కడి పనివాళ్ళు పదిమందికి ఈ విద్య నేర్పాలని ఉంది. దాన్ని దాటేసి చదవొచ్చు, దాటేసేవాళ్ళున్నారు. నేను రెండుసార్లు చదివాను.

“వాళ్ళు నేర్చుకుంటే ఇక మన షెడ్ల అవసరం వాళ్ళకు ఉండదమ్మా. ఊళ్ళో నిన్ను అంటారు. తెలిసే పో.”

శ్రీశైలమ్మ ఆ పేజీ మీద వేలు పెట్టింది. “ఈడ నేను ఎంతమందికి నేర్పినానో ఎవరన్నా రాసి పెట్టుకున్నారా? పన్నెండుమంది. అందురూ వాళ్ళ మొగుళ్ళ గుర్తులే గీస్తన్నారు. నేను పోతానన్నా. నాకు పోవాలనుంది.”

కొండలరావు నేల చూస్తూ “పోనీలే” అన్నాడు.

చిక్కు అనుభవ పత్రం దగ్గర వచ్చింది. ఈ పని కనీసం అయిదేళ్ళు చేసినట్టు వీసా వాళ్ళకు రుజువు కావాలి. శ్రీశైలమ్మ పేరున ఉన్న కాగితాలన్నీ బయటికి తీశాను. ఎక్కడా ఆమె పని చేసినట్టు లేదు. పాస్‌పోర్టు దరఖాస్తు నకలు చూస్తే వృత్తి దగ్గర ‘గృహిణి’ అని ఉంది. ఆ మాట టైపు చేసింది నేనే. ఆ రోజు ఆమె నా ఎదురుగానే కూర్చుంది, గోళ్ళలో రాతిపొడితో. నేను అడగలేదు. ఆడవాళ్ళ దరఖాస్తుల్లో ఆ గడి నేనే నింపేస్తాను, పని తొందరగా తెములుతుంది. రుజువులు అడిగే మనిషినని నాకు కొంచెం గర్వం ఉండేది. ఆ నకలు చూశాక అది బాగా దెబ్బతింది.

పుల్లారావు దగ్గరికి నేనే వెళ్ళాను. షెడ్డు ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని పేపరు చదువుతున్నాడు. మస్తానయ్య తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కొండలరావు భార్య తన షెడ్డులో పలకలు చీల్చిందని లెటర్‌హెడ్డు మీద నాలుగు లైన్లు రాసిస్తే చాలన్నాను.

“ఆడోళ్ళు పలక చీల్చేదేంది కిష్ణా? కట్టలు పేరుస్తారు, నీళ్ళు పోస్తారు. నా షెడ్డులో అట్లాంటి లెక్క లేదు.”

“లెక్కలో లేదన్నా. పని మాత్రం ఉంది. మస్తానయ్యనడుగు.”

మస్తానయ్య తన చెప్పులు చూసుకున్నాడు.

“నేను రాసిస్తే ఏమయితాదో నీకు తెలీదా?” అన్నాడు పుల్లారావు. “రేపు ఇంకో పన్నెండుమంది వస్తారు, మేమూ మగోళ్ళ పనే చేసినాం, ఆ కూలి ఇయ్యి, పీఎఫ్ ఇయ్యి అంటారు. అదట్ల పక్కన పెట్టు. రాయి పోయింది. ఇప్పుడు చేతులు గూడా కొనుక్కపోతారా? నువ్వు బేరం కుదురుస్తావా? వాళ్ళు నేర్చుకుని మన షెడ్లు మూతపెడితే ఈ ఊరు ఏం తిని బతకాలి?”

ఆ చివరి ప్రశ్నలో న్యాయం ఉంది. అందుకే ఆయన మీద నాకు పూర్తిగా కోపం రాలేదు. మెట్లు దిగుతుంటే మాత్రం వచ్చింది.

ఇక మిగిలిన దారి ఒకటే. ఫలానా గుర్తు పలకలు ఏళ్ళ తరబడి తమకు వచ్చాయని కంపెనీ రాసిస్తుంది. ఆ గుర్తు ఎవరి పేరున ఉందో ఆ మనిషి, వాటిని చీల్చింది తాను కాదనీ తన భార్య అనీ స్టాంపు కాగితం మీద ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. అనిల్ కుమార్ కనుక్కుని, అది చెల్లుతుందన్నాడు. ఆ పూటే రాసి కొండలరావుకు చదివి వినిపించాను.

“రేపు పెడతాలే అన్నా,” అన్నాడు.

రేపు రాలేదు. ఆ మర్నాడు గిద్దలూరులో చుట్టాల కర్మంతరం అన్నాడు. తర్వాత జ్వరం. తర్వాత ఫోను ఎత్తలేదు. ఎనిమిది రోజులు అలా గడిచాయి. నాకు ఒళ్ళు మండింది. తొమ్మిదో రోజు బస్టాండులో టీ తాగుతూ దొరికాడు. పట్టుకుని నాలుగు మాటలన్నాను. పెళ్ళాం బాగుపడుతుంటే ఓర్వలేవా అని కూడా అన్నాను.

అతను గ్లాసు కింద పెట్టాడు. “నేనెందుకు ఓర్వనన్నా? పోవద్దనాలనుంటే ఆ రోజే అందును. ఆ కాగితంలో ‘నేను చీల్చలేదు’ అని ఉంది చూడు, ఆడ ఆగిపోతాన్నా. ఆ మాట కింద సంతకం పెట్టినాక నేనేం చేసినట్టు ఇరవై రెండేండ్లు?”

“దిమ్మలు మోసినావు. చదరం చేసినావు.”

“అది ఎవురన్నా చేస్తారు. ఆ గుర్తు మా నాయనది. మా నాయనకు చేతనైంది నాకు చేతగాలేదని ఇంట్లో తెలుసు, నాకు తెలుసు. మా ఇంటామె ఒక్కనాడు బయట అనలేదు. ఇప్పుడు నేనే కాగితం మీద అనాల్నా?”

అప్పుడు నాకు అతని మీద జాలేసింది. జాలి వీసాకు పనికిరాదు. నోటరీ వాణి గారు గురువారం మా దుకాణానికి వస్తారు, అదే ఆఖరి రోజు, రాకపోతే ఫైలు మూసేస్తానని చెప్పాను. ‘చేతగాలేదు’ అనే మాట అందులో ఎక్కడా లేదని కూడా చెప్పాను. అతను టీ డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు.

గురువారం పదకొండింటికి ఇద్దరూ వచ్చారు. వాణి గారు అప్పటికే నా కుర్చీలో కూర్చుని సీలూ పుస్తకమూ సర్దుకున్నారు. కాగితం ఆవిడ ముందు పెట్టాను. కొండలరావు పెన్ను తీసుకోలేదు. కిటికీలోంచి బస్సులను చూస్తున్నాడు. శ్రీశైలమ్మ అతన్ని ఒక్క మాట కూడా తొందర పెట్టలేదు. కానీ ఆమె రెండు చేతులూ ఒడిలో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

ఇంతలో మెట్ల మీద చప్పుడైంది. పుల్లారావు ఆయాసపడుతూ పైకొచ్చాడు, చంకలో ఒక పొడుగాటి రిజిస్టరు. కబురు మస్తానయ్య మోసి ఉంటాడు. కుర్చీ ఇచ్చాను. ఆయన నన్ను చూడకుండా కొండలరావు వైపు తిరిగాడు.

“ఏం కొండలూ, ఇంత కథ నడుస్తాంటే నాకొక మాట చెప్పవా? నేను పరాయోణ్ణా?” అని, శ్రీశైలమ్మతో మెత్తగా అన్నాడు, “అమ్మా, నేను బాగా ఆలోచన చేసినా. ఇది మన మార్కాపురం పనితనం. మన తాతల కాణ్ణుంచి వచ్చిన సొత్తు. తీసకపోయి పరాయి దేశమోళ్ళ చేతిలో పెడతామా? రేపు వాళ్ళు చెప్పిన రేటుకు మనం తల ఊపాల్నా? నువ్వు యాడికీ పోయే పన్లే. ఈరోజు నుంచి షెడ్డు రిజిస్టర్లో నీ పేరు ఎక్కిస్తా. మగోళ్ళ కూలి. పీఎఫ్ కడతా. ఈ వకీలమ్మ ముందరే రాస్తా, చూడు.”

ఆ మాట ఆషామాషీ కాదు. ఆ షెడ్డు రిజిస్టర్లో ఇంతవరకూ ఆడమనిషి పేరు ఎక్కలేదు. శ్రీశైలమ్మ ముఖం మారడం చూశాను. ఇరవై రెండేళ్ళు ఎదురుచూసిన మాట కావచ్చు. ఇక్కడే ఉండొచ్చు, కూతురు ఒంగోలులో, ఇల్లు ఇక్కడ. ఆమె మొగుడి వైపు చూసింది. కొండలరావు కూడా ఊపిరి వదిలాడు. అతనికి సంతకం తప్పేలా ఉంది.

పుల్లారావు రిజిస్టరు నా టేబులు మీద పరిచాడు. కొత్త పేజీ తీశాడు. కళ్ళజోడు పెట్టుకుని, తేదీ వేసి, వరస సంఖ్య వేశాడు. పక్క గడికి వచ్చి పెన్ను ఆపాడు.

ఏదో గుర్తు చేసుకుంటున్నాడనుకున్నాం. ఆయన తలెత్తి కొండలరావును చూశాడు, తర్వాత నన్ను చూశాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఆ షెడ్డులో ఆమె కొండలరావు పెళ్ళాం. ఇరవై రెండేళ్ళూ అంతే. నేను పెదవి కదిపితే చాలు, ఆయన గండం గడిచిపోతుంది. నాకూ ఆ పేరు తెలిసింది కాగితాల మూలంగానే కాబట్టి, ఆయనకంటే నేనేదో గొప్పవాణ్ణని కాదు. అయినా నేను కదపలేదు.

“పూర్తి పేరు చెప్పమ్మా, ఆధార్లో ఉన్నట్టు,” అన్నాడు పుల్లారావు.

“పూర్తిది వద్దులేన్నా,” అంది శ్రీశైలమ్మ. “సగం చెప్పు, చాలు.”

ఆయన చెప్పలేదు. వాణి గారు సీలు మూత తీసి మళ్ళీ పెట్టారు. శ్రీశైలమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి కానీ చూపు పక్కకు తిప్పలేదు. నాకు ఆయన తరఫున సిగ్గేసింది. నా తరఫున కూడా.

“శ్రీశైలమ్మ,” అన్నాడు కొండలరావు.

మొగుడు పెళ్ళాం పేరు నలుగురిలో పలకడం మా వైపు ఆ వయసు వాళ్ళకు అలవాటు లేదు. ఆమె ఉలిక్కిపడి చూసింది. పుల్లారావు బతికిపోయినట్టు పెన్ను కదిపాడు.

“నీకు చెప్పలేదన్నా,” అన్నాడు కొండలరావు. రిజిస్టరు పక్కకు జరిపి, దాని కిందున్న స్టాంపు కాగితం బయటికి లాగి వాణి గారి ముందు పెట్టాడు. “వకీలమ్మకు చెప్తన్నా. ఆ గుర్తున్న పలకలన్నీ శ్రీశైలమ్మ చీల్చింది. నేను చీల్చలేదు. నాకు చేతగాదు.”

చివరి మాట కాగితంలో లేదు, అవసరం కూడా లేదు. వాణి గారు అతనికి పెన్ను ఇచ్చి, ఎక్కడ పెట్టాలో చూపించారు.